గేలిక్ పద్యాన్ని రాతప్రతిలో చదవడం ఎలా: ఒక జపమాల పద్యంతో మొదలుపెడదాం

15వ శతాబ్దంలో స్కాట్లాండ్ పడమటి తీరాన ఒక స్త్రీ, చనిపోయిన భర్త జపమాలను చేతిలోకి తీసుకుని దానితోనే మాట్లాడింది. నా కన్నీటిని నిద్రలేపిన జపమాలా, నీ మీద తిరిగిన ఆ వేలంటే నాకు ఇష్టం, ఈ రాత్రి దాకా నిన్ను దగ్గర పెట్టుకున్న ఆ చల్లని మనసంటే ఇష్టం అని మొదలవుతుంది ఆ పద్యం. ఆమె పేరు అఫ్రిక్, కోర్కడల్ కూతురు. భర్త నీల్ ఓగ్ మక్‌నీల్, గీగా దీవి వంశం వాడు, స్వీన్ కోటకు అధికారి. ఆమె రాసినవాటిలో మనకు దక్కింది ఈ ఒక్క పద్యమే. అదీ ఒక్క పుస్తకంలోనే దక్కింది.

ఈ పద్యం ఇంగ్లిష్ అనువాదంలో చదివి మనసు కరిగితే, అసలు పేజీ చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పేజీ దగ్గరికి ఎలా వెళ్ళాలి, వెళ్ళాక ఏం చూడాలి, పండితుల నోట్స్‌ను ఎంతవరకు నమ్మాలి అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల పాత భాష అయిన గేలిక్ బాగా వచ్చి ఉండాలని లేదు. అక్షరాలు గుర్తుపట్టే ఓపిక, ఇంటర్నెట్, ఒక నోట్‌బుక్ చాలు. నేను కూడా ఫోన్ యాప్‌లో గేలిక్ పాఠాలు నేర్చుకుంటూ ఇటువైపు వచ్చినవాడినే.

ఒక్క పద్యం పట్టుకోండి

"గేలిక్ కవిత్వం" అని వెతికితే మునిగిపోతారు. ఐర్లాండ్, స్కాట్లాండ్ రెండిట్లోనూ సుమారు 1200 నుంచి 17వ శతాబ్దం దాకా ఆస్థాన కవులు ఒకే సాహిత్య భాషలో రాశారు. దాన్ని క్లాసికల్ గేలిక్ అంటారు. ఆ తర్వాత రెండు దేశాల జనం నోటి భాషల్లో పాటలు, పద్యాలు వచ్చాయి. ఈ రెండు రకాలకూ చదివే పద్ధతి వేరు, నిఘంటువులు వేరు, చేసే పొరపాట్లు కూడా వేరు. అందుకే ఒక్క పద్యం ఎంచుకుని దాని వెంటే నడవండి. ఇక్కడ మనం జపమాల పద్యాన్ని తీసుకుందాం.

పుస్తకం పేరు కాదు, నంబరు రాసుకోండి

అఫ్రిక్ పద్యం ఉన్న పుస్తకాన్ని "లిస్మోర్ డీన్ పుస్తకం" అంటారు. పెర్త్‌షైర్‌లోని ఫోర్టింగల్‌లో, లిస్మోర్ చర్చికి డీన్ అనే పదవిలో ఉన్న జేమ్స్ మెక్‌గ్రెగర్ అనే మతాధికారి, ఆయన సోదరుడు డంకన్ కలిసి 1512 నుంచి 1542 మధ్య దీన్ని రాశారు. ఇప్పుడు ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీలో ఉంది. అక్కడ దాని గుర్తు "అడ్వొకేట్స్ 72.1.37". ఆ లైబ్రరీకి ముందు ఈ ప్రతులు న్యాయవాదుల లైబ్రరీలో ఉండేవి కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

ఈ నంబరు చాలా ముఖ్యం. పుస్తకాల పేర్లు మారుతుంటాయి, ఒకే పేరుతో రెండు ప్రతులు ఉంటాయి, వంశాల పేర్లతో పిలిచే ప్రతులు చేతులు మారుతుంటాయి. నంబరు ఉంటే లైబ్రరీ కేటలాగ్‌లో, పండితుల వ్యాసాల్లో, డిజిటల్ బొమ్మల్లో ఒకే వస్తువును పట్టుకోగలుగుతారు. నంబరు తర్వాత ఆకు సంఖ్య, ఆకుకు ముందు వైపా వెనుక వైపా అన్నది కూడా రాసుకోండి. తాళపత్ర గ్రంథాల్లో ఆకులు లెక్కపెట్టినట్టే ఇక్కడా పేజీ కంటే ఆకే లెక్క.

కేటలాగ్‌లు వెతకడానికి రెండు దారులు ఉన్నాయి. స్కాట్లాండ్ ప్రతులకు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో తొలి కెల్టిక్ ప్రొఫెసర్ డోనల్డ్ మెకినన్ 1912లో వేసిన వివరణాత్మక కేటలాగ్ ఇప్పటికీ పనికొస్తుంది. కాపీరైట్ గడువు దాటిపోయింది కాబట్టి స్కాన్ చేసిన కాపీ దొరుకుతుంది. ఆస్థాన కవుల పద్యాలకైతే డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారి బార్డిక్ పొయెట్రీ డేటాబేస్ ఉంది. పద్యం మొదటి పాదం టైపు చేస్తే అది ఏ ఏ ప్రతుల్లో ఉందో, ఎవరు పరిష్కరించి అచ్చు వేశారో చూపిస్తుంది. గేలిక్ పద్యాలకు పేర్లు అంతగా ఉండవు, మొదటి పాదమే వాటి పేరు. అందుకే మీరూ మొదటి పాదాన్నే రాసుకోండి.

అచ్చు పుస్తకం కంటే ముందు బొమ్మ చూడండి

డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ వారిదే "ఐరిష్ స్క్రిప్ట్ ఆన్ స్క్రీన్" అనే వెబ్‌సైట్. ఐర్లాండ్ ప్రతులు చాలా, స్కాట్లాండ్ ప్రతులు కొన్ని అందులో పెద్ద సైజు బొమ్మలుగా ఉన్నాయి. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ కూడా తన గేలిక్ ప్రతుల బొమ్మలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టింది. ఖర్చు లేదు.

బొమ్మ తెరవగానే అక్షరాల మీద పడకండి. పది నిమిషాలు ఊరికే పేజీ మొత్తాన్ని చూడండి. తోలు మీద రాశారా, కాగితం మీదా? ఒకే చేతి రాతా, మధ్యలో మారిందా? పద్యాన్ని పాదాలుగా విడగొట్టారా, వచనంలా కలిపి రాశారా? అంచుల్లో ఎవరైనా ఏమైనా రాశారా? డీన్ పుస్తకం కాగితం ప్రతి. అందులో గేలిక్ పద్యాల పక్కనే లాటిన్ ముక్కలు, ఇంగ్లిష్‌కు దగ్గరి భాష అయిన స్కాట్స్ ముక్కలు, మరణాల తేదీలు కూడా ఉన్నాయి. ఒక పల్లె ఇంట్లో తమకు నచ్చినవన్నీ ఒకచోట రాసి పెట్టుకున్న పుస్తకం అది. ఆ సంగతి కళ్ళతో చూశాక పద్యం మీద మీ అంచనా మారుతుంది.

నాలుగు ప్రశ్నలు నోట్‌బుక్‌లో పైన రాసి పెట్టుకోండి. ఎవరు రాశారు? ఎవరి నోట విని, లేదా ఏ ప్రతి చూసి రాశారు? ఎప్పుడు? ఎవరి కోసం? ప్రతి ఆకు దగ్గరా ఇవే అడగండి. నా అనుభవంలో గేలిక్ కవిత్వం మీద వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ నాలుగూ అడగకుండా పద్యం దగ్గరికి పరిగెత్తడం వల్ల వచ్చిందే.

ఎవరి కోసం అన్న ప్రశ్న ఎంత చెబుతుందో చూడండి. ఆస్థాన కవుల పద్యాలకు పెద్ద గని లాంటి ఒక ప్రతి ఐర్లాండ్‌లో పుట్టలేదు. బెల్జియం తీరంలోని ఓస్టెండ్‌లో 1631లో, స్పెయిన్ సైన్యంలోని ఐరిష్ దళంలో కెప్టెన్‌గా ఉన్న సోమర్లీ మక్‌డోనెల్ కోసం రాయించారు. దాన్ని "ఓకానర్ డాన్ పుస్తకం" అంటారు. దేశం విడిచిన సైనికుడు పరాయి ఊళ్ళో కూర్చుని సొంత నేల పద్యాలను పోగు చేసుకున్నాడు. ఏ పద్యం ఎందుకు చేర్చారో ఆలోచించేటప్పుడు ఈ విషయం మనసులో ఉండాలి.

అక్షరాలు: ముందు చుక్కలు, తర్వాత గీతలు

ఐర్లాండ్ ప్రతులు గేలిక్ లిపిలో ఉంటాయి. అవి లాటిన్ అక్షరాలే, కానీ ఆకారం వేరు. ముఖ్యంగా ఆర్, ఎస్ రెండూ దాదాపు ఒకేలా ఉండి కంగారు పెడతాయి. ఒక గంట సేపు ఒకే లేఖకుడి ఆర్‌లూ ఎస్‌లూ పక్కపక్కన గీసుకుంటే అలవాటవుతుంది.

అక్షరం మీద చుక్క ఉంటే ఆ హల్లు మెత్తబడిందని అర్థం. బి మెత్తబడితే వ అవుతుంది, ఎం మెత్తబడినా వ అవుతుంది. ఇప్పటి అచ్చులో ఆ చుక్కకు బదులు పక్కన హెచ్ వేస్తారు. ఈ చుక్క అర్థాన్నే మార్చేస్తుంది. "అతని" అన్నా "ఆమె" అన్నా గేలిక్‌లో ఒకే చిన్న మాట. తర్వాతి పదం మెత్తబడితే అతని, మెత్తబడకపోతే ఆమె. నేను మొదట్లో ఒక పాదంలో చుక్కను సిరా మరక అనుకుని వదిలేసి, మూడు రోజులు ఒక రాజుగారి కత్తిని రాణిగారికి కట్టబెట్టి చదివాను. బొమ్మను పెద్దది చేసి, అదే పేజీలో మిగతా చుక్కలతో పోల్చాక గానీ తెలియలేదు. అనుమానం వస్తే అలా పోల్చడమే మార్గం.

తర్వాత కుదింపులు. తోలు ఖరీదైనది, చేతికి శ్రమ ఎక్కువ, అందుకే లేఖకులు చాలా మాటలు కుదించారు. అంకె 7 లాంటి గుర్తు కనిపిస్తే అది "మరియు". అక్షరం మీద అడ్డగీత ఉంటే చాలాసార్లు ఒక ఎన్ గానీ ఎం గానీ దాగి ఉంటుంది. లాటిన్‌లో "కానీ" అనే మాటకు వాడే కుదింపు, గీత వేసిన ఎస్, కనిపిస్తే దాన్ని గేలిక్‌లో "కానీ" అని చదవాలి. లాటిన్ గుర్తు, గేలిక్ ఉచ్చారణ. మీ లిప్యంతరంలో ఇలా విప్పి రాసిన అక్షరాల కింద గీత గీయండి. పేజీలో ఉన్నదేదో, మీరు చేర్చినదేదో రేపు మీకే తెలియాలి.

డీన్ పుస్తకం దగ్గర మాత్రం ఈ లిపి పాఠం పనికిరాదు. మెక్‌గ్రెగర్ సోదరులు గేలిక్ లిపి వాడలేదు, గేలిక్ స్పెల్లింగూ వాడలేదు. స్కాట్స్ భాష రాసే చేతిరాతలో, స్కాట్స్ స్పెల్లింగ్‌లో, చెవికి వినపడినట్టు రాసుకున్నారు. అఫ్రిక్ పేరు అక్కడ "ఎఫ్రిక్ నీన్ కోర్గిటిల్" అన్నట్టుగా ఉంటుంది. తెలుగు పద్యాన్ని ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేసుకున్నట్టు అనుకోండి. చదవడానికి కష్టమే. కానీ దాని వల్ల ఒక గొప్ప లాభం ఉంది. సంప్రదాయ స్పెల్లింగ్ శతాబ్దాల పాటు మారకుండా ఉండి అసలు ఉచ్చారణను దాచేస్తుంది. వీళ్ళు విన్నట్టు రాయడం వల్ల 16వ శతాబ్దపు పెర్త్‌షైర్‌లో గేలిక్ ఎలా పలికేవారో మనకు కొంత వినపడుతుంది. కాబట్టి ఈ ప్రతిని కళ్ళతో కాదు, పైకి చదువుతూ చూడాలి. పెదవులు కదిపితే విడిపోయే మాటలు చాలా ఉన్నాయి. డంకన్ మక్రే 1688 నుంచి 1693 మధ్య రాసిన ఫెర్నేగ్ ప్రతికీ ఇదే మాట వర్తిస్తుంది. అది గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉంది.

ఛందస్సును పనిముట్టుగా వాడండి

తెలుగు పద్యం చదివిన వారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. గణం తప్పినా యతి తప్పినా పాఠం చెడిపోయిందని మనకు వెంటనే అనుమానం వస్తుంది కదా, ఆస్థాన గేలిక్ పద్యంలోనూ అంతే.

ఈ ఛందస్సుల్లో అక్షరాల లెక్క ఉంటుంది, అక్షరం అంటే ఇక్కడ పలికే ముక్క, సిలబుల్. జపమాల పద్యంలో పాదానికి 7 అక్షరాలు. ప్రతి పాదం ఒకే అక్షరం గల మాటతో ముగుస్తుంది. మొదటి పాదం చివరి మాట రెండో పాదం మధ్యలోని మాటతో ప్రాస కలుపుతుంది. మొదటి పాదం చివర కన్నీరు అనే అర్థంలో "ఘేర్", రెండో పాదం లోపల వేలు అనే అర్థంలో "మేర్". ఆ రెండు మాటల మధ్య ప్రాస ఉందని తెలిస్తే, చెరిగిపోయిన చోట కూడా ఏ శబ్దం ఉండాలో ఊహించగలుగుతారు.

ప్రాస నియమం కూడా మనకు కొత్తగా అనిపించదు. బి, డి, జి ఒక వర్గం. పి, టి, సి ఒక వర్గం. ఒకే వర్గంలోని హల్లులు ఒకదానితో ఒకటి ప్రాస కలపవచ్చు, వర్గం దాటకూడదు. యతి మైత్రిలో క, ఖ, గ, ఘలు చెల్లినట్టే ఇదీ. ఇంగ్లిష్ ప్రాసకు అలవాటు పడిన చెవికి ఇది ప్రాసగానే వినపడదు, మనకు మాత్రం ఇట్టే అర్థమవుతుంది.

ఇంకొకటి, అన్నిటికంటే పనికొచ్చేది. ఆస్థాన పద్యం ఏ మాటతో, లేదా ఏ శబ్దంతో మొదలైందో దానితోనే ముగియాలి. దీన్ని "డూనద్" అంటారు, మూత వేయడం అని అర్థం. జపమాల పద్యం చివర మొదటి మాటలు మళ్ళీ వస్తాయి. మీ ప్రతిలో పద్యం ఆఖరున మొదటి మాట తిరిగి రాకపోతే ఆకు పోయిందేమో, లేఖకుడు మధ్యలో ఆపేశాడేమో అని వెతకండి. మూత పడిన తర్వాత కూడా ఒక చరణం ఉంటే తొందరపడి ప్రక్షిప్తం అనకండి. ఒక పునీతునికో పోషకునికో మొక్కుతూ అదనపు చరణం చేర్చే ఆచారం ఉంది.

ఇప్పుడు పండితుల నోట్స్ తీయండి

మీ సొంత చదువు ఒకటి, ఎంత తప్పుల తడకైనా సరే, కాగితం మీద పెట్టాకే పరిష్కృత ప్రతిని తెరవండి. ముందే చూస్తే ఆ అక్షరాలే పేజీలో కనిపిస్తాయి.

డీన్ పుస్తకంలోని స్కాట్లాండ్ పద్యాలకు డబ్ల్యు. జె. వాట్సన్ 1937లో వేసిన పరిష్కరణ ఆధారం. అంతకు ముందు 1862లో థామస్ మెక్‌లాక్లన్ ఒకటి వేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. వాట్సన్ పుస్తకంలో మీకు కనిపించేది మెక్‌గ్రెగర్లు రాసిన అక్షరాలు కాదు. ఆయన వాటిని క్లాసికల్ గేలిక్ స్పెల్లింగ్‌లోకి మార్చి, అఫ్రిక్ పాడి ఉండవచ్చని తాను నమ్మిన పద్యాన్ని నిర్మించారు. చాలా గొప్ప పని. కానీ అది 20వ శతాబ్దపు ఒక పండితుడి నిర్ణయం, ఆ సంగతి మరచిపోకూడదు. అందులోనూ ఈ పద్యానికి ఇంకో పాత ప్రతి లేదు, పోల్చడానికి పాఠాంతరం లేదు.

నోట్స్ చదివేటప్పుడు గుర్తుల పట్టికను ముందు చూడండి. చదరపు కుండలీకరణాల్లో ఉన్నది సాధారణంగా పరిష్కర్త చేర్చినది. వాలు అక్షరాలు విప్పిన కుదింపులు. కత్తి లాంటి గుర్తు కనిపిస్తే ఇక్కడ పాఠం తేలలేదని పరిష్కర్త ఒప్పుకున్నట్టు. నేను మొదట ఆ కత్తి గుర్తులున్న చోట్లకే వెళతాను, ఎందుకంటే ఓపికగల కొత్త కన్నుకు పని దొరికేది అక్కడే. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రతి పాఠాలను కూడా చదవండి. పరిష్కర్త దేన్ని కాదని పైపాఠం పెట్టాడో అక్కడ తెలుస్తుంది.

స్కాట్లాండ్ పండితులు తమ నోట్స్‌లో ప్రతి ఎక్కడిది, ఎవరి చేతి మీదుగా వచ్చింది అని పేజీలకు పేజీలు రాస్తారు. విసుగు పడకండి, దాని వెనుక ఒక పాత గాయం ఉంది. 1760 నుంచి జేమ్స్ మెక్‌ఫర్సన్ ఒసియన్ అనే ప్రాచీన కవి పద్యాలంటూ ఇంగ్లిష్‌లో ప్రచురించాడు. యూరప్ అంతా ఊగిపోయింది. మూల ప్రతులు చూపించమన్నప్పుడు గొడవ మొదలైంది. వందేళ్ళ నాటివని రుజువున్న గేలిక్ పాదాలు ఐదు వందలు కూడా దొరకవని 1775లో ఇంగ్లిష్ రచయిత శామ్యూల్ జాన్సన్ రాసేశాడు. అప్పటికే డీన్ పుస్తకం వయసు రెండు వందల ఏళ్ళు దాటింది. ఆ వివాదం తేల్చడానికి హైలాండ్ సొసైటీ అనే స్కాట్లాండ్ సంస్థ కమిటీ వేసి, 1805లో నివేదిక అచ్చు వేసింది. ఆ నివేదికలోని ఒక వాంగ్మూలం చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. తరతరాలుగా ఆస్థాన కవులైన మక్‌ముయిరిఖ్ వంశంలోని లాక్లన్ అనే వృద్ధుడు 1800లో చెప్పిన మాటలవి. తండ్రి దగ్గర తోలు పుస్తకాలు ఉండేవని, వాటిలో కొన్నిటిని దర్జీలు కొలత పట్టీల కోసం కత్తిరించుకోవడం తనకు గుర్తుందని, తనకు చదువు చెప్పించలేదని ఆయన చెప్పాడు.

కవి చేతితో రాయని పద్యాలు

18వ శతాబ్దానికి వస్తే పద్ధతి మార్చాలి. బెన్ డోరన్ కొండను కీర్తించిన డంకన్ బాన్ మెకింటైర్‌కు చదవడం, రాయడం రాదు. ఆయన నోటి నుంచి విని ఇతరులు రాశారు, 1768లో ఎడిన్‌బరోలో అచ్చయింది. ఉత్తరాన రాబ్ డాన్‌దీ అదే కథ. ఆయన 1778లో పోయాడు, పుస్తకం 1829లో గానీ రాలేదు. ఇలాంటి కవులకు "అసలు ప్రతి" కోసం వెతక్కండి. ఎవరు విన్నారో వెతకండి. జేమ్స్ మెక్‌లాగన్ అనే పాస్టర్ పోగు చేసిన కాగితాలు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో సుమారు 250 ప్రతులుగా ఉన్నాయి. ఒకే పాట రెండు మూడు చోట్ల విని రాసుకున్నవి ఇలాంటి సేకరణల్లో దొరుకుతాయి. రెండింటికీ తేడా ఉంటే ఒకటి తప్పని అనుకోవలసిన పని లేదు. రెండు ఊళ్ళు, రెండు గొంతులు.

సేకర్తను పరీక్షించడానికి మంచి చోటు అలెగ్జాండర్ కార్మైకేల్ కాగితాలు. ఆయన ఎక్సైజ్ ఉద్యోగి. డ్యూటీ మీద దీవులు తిరుగుతూ ప్రార్థనలు, మంత్రాలు, పాటలు నోట్‌బుక్‌లలో రాసుకుని, 1900లో రెండు సంపుటాలుగా అచ్చు వేశాడు. నోట్‌బుక్‌లు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, బొమ్మలు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. అచ్చులో ఉన్నవాటికీ పల్లెలో విన్నవాటికీ ఎంత తేడా ఉందని 1970లలో పెద్ద చర్చ జరిగింది. మీరే ఒక ప్రార్థన తీసుకుని నోట్‌బుక్ రాతనూ అచ్చునూ పాదం పాదం పోల్చండి. ఎక్కడ నునుపు చేశాడో, ఎక్కడ పాత మాట పెట్టాడో కనిపిస్తుంది. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. వానలో నడిచి వెళ్ళి ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఆ నోట్‌బుక్‌లు నింపకపోతే పోల్చడానికే ఏమీ ఉండేది కాదు.

రాత చదివాక వినండి. "టోబర్ అన్ డూల్‌ఖిష్", అంటే వారసత్వపు బావి, అనే సైట్‌లో 1930ల నుంచి రికార్డు చేసిన పాటలు, కథలు వేల సంఖ్యలో ఉన్నాయి. మీరు కాగితం మీద చూసిన పాటే ఎవరైనా పాడి ఉంటే, ఏ అక్షరం మీద గొంతు నిలిచిందో వింటే అర్థం కాని పాదం చాలాసార్లు విడిపోతుంది.

నిఘంటువులు, లైబ్రరీ గది

17వ శతాబ్దానికి ముందు పద్యాలకు రాయల్ ఐరిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్ రూపం వాడండి. స్కాట్లాండ్ గేలిక్‌కు ఎడ్వర్డ్ డ్వెలీ నిఘంటువు. లండన్ ప్రాంతంలో పుట్టిన ఈ ఇంగ్లిష్‌వాడు గేలిక్ నేర్చుకుని, తానే అచ్చు పేర్చుకుంటూ 1901 నుంచి 1911 దాకా భాగాలుగా వెలువరించాడు. ఇప్పుడది ఫోన్‌లో ఉచితం.

యూకేలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న తెలుగువాళ్ళు నేరుగా వెళ్ళవచ్చు. లైబ్రరీ రీడర్ కార్డు తీసుకుని, ప్రతి నంబరుతో ముందే మెయిల్ రాయండి. బొమ్మలు ఆన్‌లైన్‌లో ఉంటే పాత ప్రతిని బయటికి తీయకపోవచ్చు. ఎందుకు అసలు ప్రతే కావాలో రెండు వాక్యాల్లో చెప్పండి. పెన్నులు నిషిద్ధం, పెన్సిలే. చేతులు కడుక్కుని, తుడుచుకుని వెళ్ళండి.

మీ పని నిలవాలంటే

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద ఉన్నది ఉన్నట్టు లిప్యంతరం, కుడి పేజీ మీద అర్థం, అనుమానాలు. రెండూ కలపకండి. పరిష్కర్త సలహా తీసుకున్న చోట ఆయన పేరు రాయండి. తేలని మాటకు ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగండి, అలా వదిలేసిన మాటలు రెండు నెలల తర్వాత వేరే పద్యంలో ఎదురై తేలిపోవడం నాకు చాలాసార్లు జరిగింది.

చివరికి తెలుగులోకి అనువదిస్తే, దయచేసి ఇంగ్లిష్ అనువాదం మీద మాత్రమే ఆధారపడకండి. జపమాల పద్యంలో వేలు, గుండె అని ఇంగ్లిష్‌లో విడివిడిగా కనిపించేవి గేలిక్‌లో ఒకే "ఇష్టం" అనే మాట కింద పాదం వెంట పాదం వస్తాయి. తెలుగులో ఆ మాటను మళ్ళీ మళ్ళీ అనడం సులువే, అనండి. అనువాదం కింద ప్రతి నంబరు, ఆకు సంఖ్య, మీరు అనుసరించిన పరిష్కరణ సంవత్సరం రాయండి. బొమ్మను కూడా వాడుకోవాలంటే ఆ బొమ్మ పక్కనే ఉండే లైసెన్స్ చదివి, అనుమానం ఉంటే లైబ్రరీకి మెయిల్ పెట్టి అడగండి.